14 నెలలు రాస్తే 61 డాలర్లు: యాడ్‌సెన్స్ కోసం సొంత సైటు నడపొచ్చా?

మిద్దెతోట_మధురవాడ
8 జనవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది మధురవాడ. మూడంతస్తుల ఇంటి మిద్దె మీద కూరగాయలు, ఆకుకూరలు పండిస్తాను. 2024 నవంబరులో సొంత డొమైను కొనుక్కుని తెలుగులో సైటు పెట్టాను. ఇప్పటికి 92 వ్యాసాలయ్యాయి. అన్నీ నేను పండించినవే, ఫొటోలూ మా మిద్దెవే.

సైటులో గూగుల్ ప్రకటనలు చూపించి డబ్బిచ్చే యాడ్‌సెన్స్‌కి రెండుసార్లు దరఖాస్తు చేస్తే 'తక్కువ విలువ ఉన్న కంటెంట్' అని తిప్పి పంపారు. పొట్టి వ్యాసాలు కలిపి పెద్దవి చేశాక పోయిన ఏడాది మార్చిలో ఒప్పుకున్నారు. రోజుకి సుమారు 300 మంది వస్తున్నారు. డిసెంబరులో 11 డాలర్లు దాటింది. జనవరి మొదటి వారం మొత్తానికి ఒక్క డాలరు కూడా రాలేదు. ఇప్పటికి ఖాతాలో ఉన్నది 61.

డొమైను, హోస్టింగ్ కలిపి ఏడాదికి 3,600 రూపాయలు నా చేతి డబ్బే. ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. కానీ రాత్రి పదకొండు దాకా కూర్చుని రాస్తున్నదానికి ఫలితం ఉందా లేదా అని నాకే తెలియాలి.

నా సందేహాలివి. జనం తగ్గలేదు, డబ్బు ఎందుకు తగ్గింది? టమాటా తెగులు పేజీలో ఐఏఎస్ కోచింగ్ ప్రకటన ఎందుకొస్తోంది? 100 డాలర్లు అవ్వకపోతే ఈ 61 పోతాయా?

డాబాగార్డెన్స్_పాతకాపు
8 జనవరి, రాత్రి 10:25

అమ్మా, ముందు కంగారు మానండి. మీ సైటుకి ఏమీ కాలేదు. దసరా నుంచి డిసెంబరు ఆఖరు దాకా ప్రకటనదారులు ఏడాది బడ్జెట్టు ఖర్చు పెట్టేస్తారు. జనవరిలో చేతులు ముడుచుకుంటారు. అదే పేజీ, అదే జనం, రేటు మాత్రం పడిపోతుంది. నేను ప్రతి జనవరీ చూస్తూనే ఉన్నాను. ఈ నెలలో సైటు రూపు మార్చడం, ప్రకటనలు అటూ ఇటూ జరపడం చెయ్యకండి. తర్వాత దేనివల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

61 ఎక్కడికీ పోవు. 100 దాటేదాకా నెల నెలా కూడుతూనే ఉంటాయి. దాటిన మరుసటి నెల 21 నుంచి 26 లోపు బ్యాంకుకి పంపుతారు.

నా సైటు సింహాచలం, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు, మన చుట్టుపక్కల గుళ్ల గురించి. 2010 నుంచి నడుపుతున్నాను. నా ఆదాయం గీత గీస్తే ఏడాదంతా నేల మీద పాకుతుంది, మూడుచోట్ల లేస్తుంది: చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణ, మార్గశిర గురువారాలు. ఆ 32 కిలోమీటర్లూ నేను ఏటా నడుస్తాను. తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టినప్పటి నుంచి హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి వచ్చేదాకా మంచినీళ్లు ఎక్కడ ఇస్తున్నారు, బళ్లు ఎక్కడ ఆపేస్తున్నారు, చెప్పులు విప్పి నడిచేవాళ్లకి రోడ్డు ఎక్కడ బాగోలేదు, అన్నీ రాసుకుంటాను. స్థలపురాణం ఎవరైనా రాస్తారు. ఈ రాత్రి ఏ రోడ్డు మూశారో నడిచినవాడే రాయగలడు. నాకు డబ్బు తెచ్చేది ఆ పేజీయే.

మీ టమాటా పేజీ కూడా అలాంటిదే అయ్యుండాలి. మన సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనబడుతోందో చూపించే సెర్చ్ కన్సోల్ చూస్తున్నారా? ఏ మాటలు వెతికి మీ దగ్గరికి వస్తున్నారో ఇక్కడ పెట్టండి.

ఎన్ఏడీ_కొత్తరోడ్డు
9 జనవరి, ఉదయం 7:15

నేను అటువైపు మనిషిని. నగరంలో పళ్ల డాక్టర్లకి, కోచింగ్ సెంటర్లకి ప్రకటనలు కొనిపెట్టడం నా పని. కోచింగ్ ప్రకటన సంగతి నేను చెప్తాను.

ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేది సెర్చ్ ప్రకటన. దానికి వేలం ఉంటుంది. మా క్లయింటు ఒక మాటకి ఎంత పెడతాడు, ప్రకటన ఆ మాటకి ఎంత దగ్గరగా ఉంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది, ఇవన్నీ కలిపి వరస తేలుతుంది. పళ్లు కట్టించుకోవాలని వెతికేవాడు ఇవాళో రేపో కుర్చీలో కూర్చునే మనిషి. అందుకే ఆ క్లిక్కుకి మా వాళ్లు గట్టిగా పెడతారు. కానీ ఆ డబ్బు గూగుల్ సొంత పేజీ మీద పుట్టేది, మీ సైటుకి రాదు. 'సెర్చ్‌లో ఒక్క క్లిక్కుకి వందలట' అని విని సైటు పెట్టేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

మీ పేజీలో వచ్చేవి వేరే వేలంలో అమ్ముడయ్యేవి. మీ పేజీలో ఏముందో కొంత చూస్తారు, చదివే మనిషి అంతకుముందు ఏం చూశాడో కొంత చూస్తారు. టమాటా ఆకుముడత గురించి చదువుతున్న అబ్బాయి పొద్దున్న గ్రూప్స్ నోటిఫికేషన్ చూసి ఉంటాడు, అందుకే కోచింగ్ ప్రకటన. మీరు చదివితే కుండీలు, విత్తనాలు కనబడొచ్చు. తప్పేమీ కాదు.

తెలుగు పేజీలకి రేటు తక్కువెందుకంటే వేలంపాటలో మనుషులు తక్కువ. యాడ్‌సెన్స్ తెలుగు పేజీలని తీసుకోవడం మొదలైందే 2018లో. హిందీకి 2014 చివరిలోనే వచ్చింది. నా క్లయింట్లలో తెలుగులో ప్రకటన రాయించుకునేవాళ్లు ఇప్పటికీ తక్కువే. 'మా కస్టమర్లు ఇంగ్లీషులోనే వెతుకుతారండీ' అంటారు. నేను మాత్రం అడుగుతూనే ఉంటాను.

డాబాగార్డెన్స్_పాతకాపు
9 జనవరి, ఉదయం 8:02

బాగా చెప్పారు. వాటా లెక్క కూడా తెలిస్తే మంచిది. ప్రకటనదారుడు 10 రూపాయలు పెట్టాడనుకోండి. గూగుల్ యాడ్స్ వైపు సగటున 15 శాతం పోతుంది, మిగిలింది ఎనిమిదిన్నర. అందులో 80 శాతం సైటు నడిపేవాళ్లకి. అంటే 6 రూపాయల 80 పైసలు. 2024 మొదట్లో ఈ పద్ధతి వచ్చింది. అప్పటినుంచే క్లిక్కుల లెక్క పోయి, ప్రకటన ఎన్నిసార్లు కనబడింది అన్న లెక్క వచ్చింది. మునుపు 'క్లిక్కు ఎంత' అని చూసేవాళ్లం. ఇప్పుడు వెయ్యి పేజీలకి ఎంత వచ్చిందో చూసుకోవాలి.

సైటులో వెతుకు పెట్టె పెట్టి, దాని ఫలితాల్లో ప్రకటనలు చూపించే ఏర్పాటు ఇంకొకటి ఉంది. దాంట్లో వాటా 51 శాతం. రోజుకి 300 మంది వచ్చే సైటులో ఎంతమంది ఆ పెట్టె వాడతారు? మీకు దానివల్ల ఒరిగేది తక్కువ.

పీజీ_కుర్రోడు_24
9 జనవరి, మధ్యాహ్నం 1:30

ఇదంతా ఎందుకండీ. మనవాళ్లం ఓ 50 మంది గ్రూపు కట్టి, ఒకరి సైటులో ఒకరం రోజుకి రెండు ప్రకటనలు నొక్కుకుంటే నెలలో 100 దాటేస్తుంది. గ్రూపు లింకు ఇదిగో...

నిర్వాహకుడు
9 జనవరి, మధ్యాహ్నం 1:52

పై పోస్టులో లింకు తీసేశాను. ఇలాంటివి ఇక్కడ పెట్టవద్దు.

గాజువాక_తమ్ముడు
9 జనవరి, సాయంత్రం 6:10

బ్రదర్, నేను చేసింది అదే. 2022లో. నాది ఉద్యోగ ప్రకటనల సైటు. ఐటీఐ, అప్రెంటిస్ నోటిఫికేషన్లు తెలుగులో వివరంగా రాసేవాణ్ని, రోజుకి రెండు వేల మంది వచ్చేవారు. 83 డాలర్లు అయ్యాయి. వందకి ఇంకెంతో దూరం లేదు. ఓపిక పట్టలేక రూములో ఉన్న ఆరుగురు స్నేహితులకి చెప్పాను, వాళ్లు వాళ్ల స్నేహితులకి చెప్పారు. నాలుగో రోజు పొద్దున్న మెయిలు వచ్చింది, ఖాతా మూసేశారని. ఆ 83 తిరిగి ప్రకటనదారులకి వెళ్లిపోయాయి. అప్పీలు పెట్టాను, తిరస్కరించారు. ఇంకో పేరుతో తెరవడం కూడా నిబంధనలకి విరుద్ధం.

సైటు ఇప్పటికీ ఉంది, జనం ఇప్పటికీ వస్తున్నారు. ఒక్క పైసా రాదు. ఒకే వైఫై నుంచి, ఒకే ఊరి నుంచి, పేజీ చదవకుండా నేరుగా ప్రకటన మీద పడే క్లిక్కులు వాళ్లకి తెలియవని అనుకోవద్దు. మిద్దెతోట మేడం, మీ ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి, ప్రేమతోనైనా నొక్కొద్దని.

మిద్దెతోట_మధురవాడ
9 జనవరి, రాత్రి 10:05

తమ్ముడూ, మీ పోస్టు చదివి భయమేసింది. మా అత్తగారు ఫోనులో నా సైటు తెరిచి 'కోడలికి డబ్బులొస్తాయి కదా' అని రెండుసార్లు నొక్కారు. వెంటనే మాన్పించాను.

పాతకాపు గారూ, మీరడిగిన జాబితా. గత మూడు నెలలది. జనం బాగా వెతికినవి:
వంగ మొక్కకి తెల్లగా దూదిలా పట్టింది.
మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి.
సొరకాయ పిందెలు రాలిపోతున్నాయి.
కొత్తిమీర మొలవడం లేదు.
ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కూడా చాలా ఉంది.

సొరకాయ దగ్గర ఒక వింత ఉంది. వెతికినప్పుడు నా పేజీ 1,900 సార్లు కనబడిందట. లోపలికి వచ్చినవాళ్లు ఆరుగురే.

డాబాగార్డెన్స్_పాతకాపు
9 జనవరి, రాత్రి 10:50

ఆ పేజీ శీర్షిక ఏమిటమ్మా?

మిద్దెతోట_మధురవాడ
9 జనవరి, రాత్రి 10:53

'ఆనపపాదులో పిందె నిలబడాలంటే'.

డాబాగార్డెన్స్_పాతకాపు
9 జనవరి, రాత్రి 11:30

అదీ సంగతి. మనం ఆనపకాయ అంటాం. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఆనపకాయే. గుంటూరు, రాయలసీమ వాళ్లకి అది సొరకాయ. హైదరాబాదులో సొరకాయ అనేవాళ్లూ ఉన్నారు, ఆనిగెపుకాయ అనేవాళ్లూ ఉన్నారు. సొరకాయ అని వెతికినవాడికి మీ శీర్షిక కనబడుతోంది, కానీ 'ఇది నా కాయ కాదు' అనుకుని దాటిపోతున్నాడు. కాయ ఒకటే అని వాడికి తెలియకపోతే మీరు ఎంత బాగా రాసినా లాభం లేదు.

మీ మాట తీసెయ్యమని అనడం లేదు. ఆనప అనే రాయండి, మన మాట మనం ఎందుకు వదలాలి? శీర్షికలో రెండూ పెట్టండి. మొదటి పేరాలోనే 'మా వైపు ఆనపకాయ అంటాం, మీరు సొరకాయ అంటారు' అని చెప్పెయ్యండి.

రెండోది ఇంకా ముఖ్యం. మీ వ్యాసాల పేర్లు చూశాను. 'పిండినల్లి నివారణ', 'పేనుబంక యాజమాన్యం'. వ్యవసాయ పుస్తకంలో మాటలవి. పిండినల్లి అనే పేరు తెలిసినవాడు సగం రోగం తెలిసినవాడే. తెలియనివాడు 'వంగకి తెల్లగా దూదిలా' అని కొడతాడు. మీ జాబితాలో అదే ఉంది చూడండి. రోగం పేరుతో కాకుండా కంటికి కనబడే గుర్తుతో మొదలుపెట్టండి, పేరు తర్వాత చెప్పండి.

పూర్ణామార్కెట్_డీటీపీ
10 జనవరి, ఉదయం 11:20

ఒక మాట. నాకు పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపు ఉంది. మన దగ్గర పాతవాళ్లు చాలామంది అనూ అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి దాచుకుని ఉంటారు. వాటిని బొమ్మలుగా చేసి సైటులో పెడుతుంటారు. బొమ్మలోని అక్షరం చదివేవాడికి బాగానే కనబడుతుంది, కానీ వెతికేవాడికి అందడం కష్టం. అనూలో కొట్టింది నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి చూసుకోవాలి, తప్పులు దొర్లుతాయి.

మా మావయ్యగారు రాసిన ఆయుర్వేద చిట్కాల పుస్తకం అలాగే మార్చి పెట్టాం. ఎనిమిది నెలలు ఒక్కడూ రాని సైటుకి ఆ తర్వాతే మనుషులు రావడం మొదలైంది.

డల్లాస్‌లో_విశాఖ
10 జనవరి, రాత్రి 9:15

మిద్దెతోట గారూ, మీ సైటు నేను చదువుతాను! ఇది మీదని ఇవాళే తెలిసింది. మేము కంచరపాలెం వాళ్లం, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. పెరట్లో గోంగూర, బచ్చలి, ఆనప వేస్తాం. మీ పేజీ చూసే సాయంత్రం పూట మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రాయడం నేర్చుకున్నాను. అప్పటిదాకా పొద్దున్నే రాసేదాన్ని, ఒక్క పిందె నిలబడేది కాదు. ఆనపపువ్వు పొద్దుగూకాక విచ్చుకుంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఒక చిన్న ఫిర్యాదు. ఫోనులో చదువుతుంటే ప్రకటన వచ్చి తెర మొత్తం మూసేస్తోంది. వేపనూనె లీటరు నీళ్లకి ఎంత కలపాలో చదువుదామంటే సరిగ్గా అక్కడే. చేతికి నూనె అంటుకుని ఉంటుంది, మూసే గుర్తు దొరకదు. విసుగొచ్చి వెనక్కి వెళ్లిపోయిన రోజులున్నాయి.

ఎన్ఏడీ_కొత్తరోడ్డు
10 జనవరి, రాత్రి 9:40

డల్లాస్ గారి పోస్టులో రెండు విషయాలున్నాయి మేడం.

మొదటిది, ప్రకటన రేటు చదివే మనిషి ఎక్కడున్నాడో దాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కూర్చుని మీ తెలుగు పేజీ తెరిచినవాళ్లకి అక్కడి ప్రకటనదారులు పోటీ పడతారు. యాడ్‌సెన్స్ రిపోర్టులో దేశాల వారీగా చూడండి. పదిమందిలో ఒకరే బయటివాళ్లయినా డబ్బులో వాళ్ల భాగం అంతకన్నా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. వాళ్లకి పనికొచ్చేవి రాయండి: చలిదేశంలో గోంగూర ఎప్పుడు వెయ్యాలి, ఇంట్లో నారు ఎలా పొయ్యాలి.

రెండోది, గూగులే చోటు చూసి ప్రకటనలు పెట్టే ఆటో యాడ్స్‌లో తెర మూసే రకం ఆపెయ్యండి. సెట్టింగుల్లో విడిగా ఉంటుంది. వ్యాసం మధ్యలో ఒకటి, చివర ఒకటి చాలు. ప్రకటనకి డబ్బిచ్చే నేనే చెప్తున్నాను, విసుగుతో పొరపాటున పడిన వేలు మా క్లయింటుకి ఒక్క కస్టమర్‌ని కూడా తేలేదు.

మిద్దెతోట_మధురవాడ
10 జనవరి, రాత్రి 11:10

దేశాల వారీగా ఇప్పుడే చూశాను. చదివేవాళ్లలో అమెరికా నుంచి నూటికి ఎనిమిది మంది. డబ్బులో దాదాపు సగం వాళ్ల నుంచే! ఇన్నాళ్లూ ఆ పేజీ తెరిచి చూడలేదు.

తెర మూసే ప్రకటన ఆపేశాను. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లు. ఇకనుంచి కొలత వ్యాసం మొదట్లోనే పెడతాను డల్లాస్ గారూ.

కైలాసగిరి_కిరణ్
11 జనవరి, ఉదయం 9:00

గూగుల్ మన విశాఖలోనే 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని మొన్న అక్టోబరులో ప్రకటించింది కదా. ఇక్కడ ఆఫీసు వస్తే యాడ్‌సెన్స్ సమస్యలు నేరుగా వెళ్లి చెప్పుకోవచ్చా?

డాబాగార్డెన్స్_పాతకాపు
11 జనవరి, ఉదయం 9:30

అది డేటా సెంటర్ కిరణ్ గారూ, దానికీ దీనికీ సంబంధం లేదు. మనకి డబ్బు పంపేది సింగపూర్‌లోని గూగుల్ ఏషియా పసిఫిక్. సమస్యలు ఖాతాలోంచే చెప్పుకోవాలి.

అడగకపోయినా ఒకటి చెప్తాను. ఇప్పుడు సెర్చ్ పేజీ మీదే ఏఐ సారాంశం వచ్చేస్తోంది. మన దేశంలో 2024 ఆగస్టులో ఇంగ్లీషు, హిందీలతో మొదలైంది. 'గిరి ప్రదక్షిణ ఎన్ని కిలోమీటర్లు' లాంటి ఒక్క ముక్క ప్రశ్నకి ఇక ఎవరూ సైటు తెరవనక్కర్లేదు. అలాంటి పేజీలు నావి పద్దెనిమిది ఉంటే తీసేసి మూడు పెద్దవి చేశాను. మిద్దెతోట అమ్మకి ఇది మేలే. సముద్రపుగాలి ఉప్పుకి మిరప ఆకు అంచు మాడితే మంచినీళ్లతో ఎప్పుడు కడగాలో, కడిగాక వారానికి ఆ మొక్క ఎలా ఉందో ఫొటోలతో చూపించేది ఆవిడ ఒక్కరే.

ఉక్కునగరం_సెక్టార్
11 జనవరి, సాయంత్రం 5:45

చిరునామా సరిచూసుకోడానికి యాడ్‌సెన్స్ వాళ్లు పంపే పిన్ నంబరు ఉత్తరం నాకు ఇంకా రాలేదు. 10 డాలర్లు దాటి నెలన్నరయింది. ఏం చెయ్యాలి?

గాజువాక_తమ్ముడు
11 జనవరి, సాయంత్రం 6:20

మామూలు పోస్టులో వస్తుంది సార్, రిజిస్టర్డ్ కాదు. చిరునామాలో సెక్టారు, క్వార్టరు నంబరు, పిన్‌కోడు సరిగ్గా ఉన్నాయా చూసి మళ్లీ పంపమని అడగండి. పోస్టుమ్యాన్‌కి ముందే చెప్పి ఉంచండి. మొదటి పిన్ పంపిన నాలుగు నెలల్లో నమోదు చెయ్యకపోతే ప్రకటనలు ఆగిపోతాయి, కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. ఎన్నిసార్లు అడిగినా రాకపోతే గుర్తింపు కార్డు పెట్టే దారి ఉంది.

సీతమ్మధార_ఆడిటర్
12 జనవరి, ఉదయం 10:10

డబ్బు వచ్చేముందే కొన్ని చూసుకోండి మేడం. బ్యాంకు ఖాతాలో పేరు, యాడ్‌సెన్స్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. విదేశీ సొమ్ము రావడానికి కావలసిన స్విఫ్ట్ కోడు మీ బ్రాంచికి ఉందో లేదో అడగండి. చిన్న బ్రాంచీలకి ఉండదు, అప్పుడు వాళ్ల ప్రధాన బ్రాంచిది ఇస్తారు. నా క్లయింటు ఒకాయనకి ఒక బ్యాంకులో సొమ్ము పదకొండు రోజులు ఆగిపోయింది, ఎందుకొచ్చిందో చెప్పే పర్పస్ కోడు ఇవ్వలేదని. ప్రకటనల ఆదాయమని మీరే ముందుగా రాసి ఇవ్వండి. బ్యాంకు ఛార్జీలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కనుక్కోండి. విదేశీ సొమ్ము జమైనట్టు ఇచ్చే పత్రం దాచుకోండి.

జీఎస్టీకి ఇది సేవల ఎగుమతి. ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు మీరు రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించక్కర్లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఎంత చిన్నదైనా చూపించాలి. వ్యాపార ఆదాయంగా చూపిస్తే ఐటీఆర్-1 పనికిరాదు, 3 గానీ 4 గానీ వెయ్యాలి. డొమైను, హోస్టింగ్ బిల్లులు పారెయ్యకండి.

మిద్దెతోట_మధురవాడ
18 జనవరి, రాత్రి 8:30

సంక్రాంతి హడావిడిలో ఇటు రాలేకపోయాను. కనుమ మర్నాడు కూర్చుని పని మొదలుపెట్టాను. ఆనప పేజీ శీర్షిక 'ఆనపకాయ, సొరకాయ పాదుకి పిందెలు రాలిపోతుంటే' అని మార్చాను. పిండినల్లి వ్యాసం ఇప్పుడు 'వంగ మొక్కకి తెల్లగా దూదిలా పడితే' అని మొదలవుతుంది. బెండ ఆకు పసుపురంగులోకి తిరిగే పేజీకి కూడా అదే చేశాను. తెల్లదోమ పేరు మూడో పేరాలోకి వెళ్లింది.

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. నెల ఖర్చులకి ఇది ఆధారమవుతుందని ఇక అనుకోను. హోస్టింగ్ ఖర్చు సైటే సంపాదించుకోవాలి, ఈ ఏడాదికి అంతే నా లెక్క. రాత్రి పదకొండు దాకా కూర్చోవడం మాని, వారానికి ఒక్క వ్యాసం, అదీ మొక్క చచ్చిందో బతికిందో తేలాకే రాస్తాను.

డల్లాస్ గారూ, మీ సాయం కావాలి. అక్కడ పెరట్లో ఆనప విత్తనం ఎప్పుడు పెడతారు? నేను చూడనిది నేను రాయలేను.

డల్లాస్‌లో_విశాఖ
18 జనవరి, రాత్రి 10:45

తప్పకుండా. మార్చి మధ్య దాటేదాకా ఇక్కడ మంచు భయం ఉంటుంది. అందుకని ఫిబ్రవరి ఆఖరులో కిటికీ దగ్గర కప్పుల్లో విత్తనం పెడతాం, ఏప్రిల్‌లో నేలలోకి మారుస్తాం. ఈసారి విత్తనం నానబెట్టిన రోజు నుంచి ఫొటోలు తీసి పంపుతాను, తేదీలతో సహా. పోయిన ఏడాది ఎండిపోయిన పాదు ఫొటో కూడా ఉంది. అది కావాలా?

మిద్దెతోట_మధురవాడ
18 జనవరి, రాత్రి 10:58

ముందు అదే పంపండి.